బ్రాకెటింగ్‌కు మన ఎండలోనైనా చోటివ్వరా?

మా నంద్యాలలో కొత్తగా కెమెరా కొన్న కుర్రాళ్లు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. పోర్ట్రెయిట్‌కు ఏ లెన్స్ బాగుంటుంది? కంటిని పట్టే ఆటోఫోకస్ పెళ్లి పందిట్లో ఆగుతుందా? వీడియో ఫోర్‌కేలో అరవై ఫ్రేములు వస్తుందా? లక్ష, లక్షన్నర పోసి కొన్న ఆ మిర్రర్‌లెస్‌లో ఆటో ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ అని ఒకటుందనీ, అది ఎందుకు పెట్టారనీ అడిగినవాడు మాత్రం నాకింతవరకు తగల్లేదు. నేనే ఎత్తితే "అది హెచ్‌డీఆర్‌కు కదన్నా, ఇప్పుడెవరు వాడతారు?" అని నవ్వేస్తారు. ఆ నవ్వు దగ్గరే నాకు మండుతుంది.

పని చూస్తే చాలా చిన్నది. షట్టర్ నొక్కి పట్టుకుంటే కెమెరా ఒకే దృశ్యాన్ని మూడో, అయిదో, ఏడో సార్లు వరసగా తీస్తుంది. ఒకటి మీటరు చెప్పినట్టు, కొన్ని అంతకన్నా చీకటిగా, కొన్ని అంతకన్నా వెలుగుగా. ఎన్ని ఫ్రేములు, ఒక్కోదానికి మధ్య ఎన్ని స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకూ కాంతి రెట్టింపు) అన్నది మనమే చెబుతాం. ఆ తర్వాత వాటిలో బాగున్న ఒక్కదాన్ని ఏరుకోవచ్చు, లేదా కంప్యూటర్లో అన్నిటినీ కలిపి ఒకే ఫొటో చేసుకోవచ్చు. ఇంతే సంగతి. ఇందులో మాయ లేదు, మోసం అంతకన్నా లేదు.

ఈ చిన్న పని మా జిల్లాకు కావలసినంతగా ఇంకెక్కడా అక్కరలేదేమో. ఇక్కడి వెలుతురు మొండిది. యాగంటికి వెళ్లండి. అహోబిలం వెళ్లండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్న రాతిపరుపును ఎఫ్8, ఐఎస్ఓ 100 దగ్గర తీయడానికి సెకనులో అయిదు వందలో వంతు చాలు. నాలుగడుగులు వేసి మండపం నీడలోకి వచ్చి లోపలి మూలను అవే అంకెలతో తీయాలంటే దాదాపు ఒక సెకను పడుతుంది. ఈ రెంటికీ మధ్య తొమ్మిది స్టాపులు, అంటే 512 రెట్లు. మన కన్ను స్తంభం మీది బొమ్మను చూసేటప్పుడు ఒక రకంగా, బయటి గోపురాన్ని చూసేటప్పుడు ఇంకో రకంగా సర్దుకుంటుంది కాబట్టి రెండూ కనిపించాయనుకుంటాం. కెమెరాకు ఒక్క ఫ్రేములో ఆ వీలు లేదు. బొమ్మను పట్టుకుంటే వెనక గోపురం తెల్లగా కొట్టేస్తుంది. గోపురాన్ని పట్టుకుంటే బొమ్మ బొగ్గవుతుంది. మన గుళ్ల ఫొటోలు చాలావాటిలో ఆకాశం ఉతికిన పంచెలా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా?

దీనికి మా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు, "రా ఫైల్ ఉందిగా, లైట్‌రూమ్‌లో షాడోస్ లేపుకుంటాం." నిజమే, నేటి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్లు కాగితం మీద పద్నాలుగు స్టాపుల దాకా పడతాయంటారు. కానీ ఆ అడుగు స్టాపుల్లో ఉన్నదేమిటో చూసిన వాళ్లకు తెలుసు. చీకటి మూలకు సెన్సర్ మీద పడ్డ కాంతే తక్కువ. తర్వాత స్లైడర్ జరిపితే ఉన్న కాస్తా పెద్దదవుతుంది, దాంతోపాటు గరగర, అంటే నాయిస్, కూడా పెద్దదవుతుంది. లేని కాంతిని సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టదు. అదే నాలుగు స్టాపులు ఎక్కువిచ్చి ఇంకో ఫ్రేము తీస్తే ఆ మూలకు పదహారు రెట్ల కాంతి నిజంగా అందుతుంది. కాంతి పదహారు రెట్లయితే గరగరకన్నా బొమ్మ బలం నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇది భౌతికశాస్త్రం. ఏ కంపెనీ ప్రకటనా దీన్ని మార్చలేదు. స్తంభం మీది నరసింహుడి గోళ్ల దగ్గర ఉలి గీతలు కనబడాలంటే ఆ నాలుగు రెట్లే కావాలి.

బ్రాకెటింగ్‌ను ఈసడించే ఇదే మనుషులు జేబులోంచి ఫోన్ తీసి టకటకా కొడతారు. 2010లో ఐఫోన్‌లోకి హెచ్‌డీఆర్ వచ్చినప్పుడు అది చేసిందేమిటి? మూడు ఎక్స్‌పోజర్లు తీసి కలపడమే. ఇప్పటి ఫోన్లయితే మనల్ని అడక్కుండానే ప్రతి నొక్కుకూ గుప్పెడు ఫ్రేములు తీసి, కలిపి, తమకు తోచిన రంగు పూసి ఇస్తున్నాయి. దాన్ని "ఫోన్ కెమెరా సూపర్ అబ్బా" అని మెచ్చుకుంటాం. అదే పనిని తెలిసి, ఆలోచించి, ట్రైపాడ్ మోసుకెళ్లి, ప్రతి ఫ్రేమునూ మన చేతిలో ఉంచుకుని చేస్తే అది "ఫేక్" అట! తెలియకుండా జరిగితే ప్రతిభ, తెలిసి చేస్తే దొంగతనమా?

ఒక పోటీకి నేను భవనాశిని లోయ చిత్రం పంపాను. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుని వైపు వెళ్లే దారిలో రెండు కొండల నడుమ నీడ నల్లగా ఉంటుంది, పైన ఆకాశం పెళపెళలాడుతుంది. అయిదు ఫ్రేములు కలిపిన బొమ్మ అది, దాచకుండా రాసి పంపాను కూడా. "కలిపిన బొమ్మలు తీసుకోము" అని తిప్పి పంపారు. వాళ్ల పేరు చెప్పను, అవసరమూ లేదు. కానీ అంతర్జాతీయ ఛాయాచిత్ర సమాఖ్య ఫియాప్, అమెరికా పీఎస్ఏ, ఇంగ్లండ్ రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ కలిసి ఒప్పుకున్న ప్రకృతి ఛాయాచిత్ర నిర్వచనం ఎంతో కఠినమైనది, ఒక్క పుల్లను తీసేసినా, ఒక్క పిట్టను చేర్చినా ఒప్పుకోదు, అయినా ఒకే దృశ్యపు ఎక్స్‌పోజర్లను కలపడాన్ని ఒప్పుకుంది. వాళ్లకు లేని మడి మనకెందుకు?

ఇది ఫోన్లతో పుట్టిన విద్యా కాదు. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే 1850లలో సముద్రాన్ని తీస్తుంటే ఇదే చిక్కు వచ్చింది. అలలకు సరిపెడితే మబ్బులు పోతాయి, మబ్బులకు సరిపెడితే అలలు పోతాయి. ఆయన నీటికొక నెగెటివ్, ఆకాశానికొక నెగెటివ్ తీసి ఒకే కాగితం మీద అచ్చువేశాడు. స్లైడ్ ఫిల్మ్ కాలంలో, ఆ ఫిల్మ్ పట్టగలిగేది అయిదారు స్టాపులే కాబట్టి, పేరున్న ఫొటోగ్రాఫర్లు ముఖ్యమైన ప్రతి దృశ్యాన్నీ మూడుసార్లు తీసుకునేవాళ్లు. ముప్పయ్యారు ఫ్రేముల రీలు పన్నెండు దృశ్యాలకే అయిపోయేది. డబ్బు పెట్టి, లెక్క చూసుకుంటూ, అయినా చేశారు. 1997లో బర్క్‌లీలో పాల్ డెబెవెక్, మన కాన్పూర్ ఐఐటీలో చదివిన జితేంద్ర మాలిక్ కలిసి, వేర్వేరు ఎక్స్‌పోజర్ల నుంచి దృశ్యంలోని అసలు వెలుగు కొలతను తిరిగి రాబట్టే లెక్క రాశారు. ఈ రోజు గ్రాఫిక్స్ ఉన్న సినిమా సెట్టులో చుట్టూ తిరిగి బ్రాకెట్ ఫొటోలు తీసుకుని, ఆ వెలుగునే కంప్యూటర్ బొమ్మల మీద వేయడం ఆ దారిలోనిదే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనే మన బంధువులు ఆన్‌లైన్‌లో చూసి మురిసే హాలు, ఆ కిటికీలోంచి స్పష్టంగా కనిపించే పచ్చిక, అదీ చాలామటుకు బ్రాకెటింగే. అక్కడ ఇళ్ల ఫొటోలు తీసేవాళ్లకు అది రోజువారీ అన్నం.

చెడ్డపేరు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలియక కాదు. ఇరవై ఏళ్ల కిందట కలిపే సాఫ్ట్‌వేర్లు చేతికి రాగానే జనం స్లైడర్లన్నీ చివరిదాకా లాగారు. ఊదారంగు మబ్బులు, గోడల చుట్టూ తెల్లటి మెరుపు, ముసలమ్మ ముఖం మీద ప్రతి ముడతా లోయ. చూస్తే నాకూ తల తిరిగేది. కానీ ఎవరో కూరలో కారం దిమ్మరించారని మిరపతోటను తగలబెడతామా? తప్పు కలిపిన చేతిది. తీసిన అయిదు ఫ్రేములు ఏం చేశాయి? బాగా కలిపిన దాన్ని చూస్తే కలిపారని తెలియదు, ఎండ ఎండలా, నీడ నీడలా ఉంటుంది. అలాంటివాటికి పేరు రాదు, చెడినవాటికే వచ్చింది.

ఇక ఈ పని కావలసిన ఇంకో చోటు, ఆళ్లగడ్డ. నంద్యాల నుంచి కడప దారి పట్టి ఆళ్లగడ్డ చేరేసరికి గ్రైండర్ల మోత, ఉలి చప్పుడు, తెల్లటి రాతిపొడి. వినాయకులు, నందులు, అమ్మవార్లు, ధ్వజస్తంభం కోసం ఎదురుచూసే గుళ్లకు కావలసిన సమస్తమూ అక్కడ చెక్కుతారు. నల్లరాయిని చెక్కినంతసేపూ అది బూడిదగా ఉంటుంది, నునుపు పట్టించాకే నలుపు తేలుతుంది. ఒకే విగ్రహంలో ఈ రెండూ పక్కపక్కన ఉంటాయి. కిరీటం నున్నగా నల్లగా, పీఠం గరుకుగా తెల్లగా. పైన రేకుల షెడ్డు, వెనక మండే రోడ్డు. కెమెరా మీటరు స్వభావం ఏమిటంటే కంటికెదురుగా ఉన్నదాన్ని నడిమి రకం వెలుగుకు లాగడం. నల్లటి స్వామిని నింపి తీస్తే ఆయన్ను బూడిదగా చేస్తుంది. రోడ్డు ఎక్కువ కనబడితే స్వామిని చీకట్లో ముంచుతుంది. ముక్కు మీద ఆకాశం మెరుపు తెల్లటి మచ్చలా కొట్టేస్తుంది. నెలల తరబడి ఒక శిల్పి కనురెప్ప వంపు కోసం పడ్డ కష్టం ఫొటోలో ఒక నల్లముద్ద, ఒక తెల్లమచ్చగా మిగులుతుంది. దూరదేశంలో గుడి కడుతున్నవాళ్లకు వాట్సాప్‌లో వెళ్లేది ఆ ముద్దే. బేరం దాని మీదే నడుస్తుంది.

ఈ అన్యాయానికి మందు అయిదు ఫ్రేములే. మధ్యది ముప్పయ్యో వంతు సెకను అనుకోండి, రెండేసి స్టాపుల తేడా పెడితే మిగతావి అయిదు వందలో వంతు, నూట ఇరవై అయిదో వంతు, ఎనిమిదో వంతు, అర సెకను. మొదటిదానిలో ముక్కు మీది మెరుపు అదుపులో ఉంటుంది, చివరిదానిలో చెవి వెనక మడత కనిపిస్తుంది. మోడ్ అపర్చర్ ప్రయారిటీలో ఉండాలి, లేకపోతే ఫోకస్ లోతు మారిపోవచ్చు. ఆటో ఐఎస్ఓ ఆపేయాలి. వైట్ బ్యాలెన్స్ ఒకచోట కట్టేయాలి. ఫోకస్ దొరికాక మాన్యువల్‌కు మార్చితే మధ్యలో వెతుక్కోదు. రెండు సెకన్ల టైమర్ పెడితే చాలా కెమెరాల్లో వరస మొత్తం చేయి తగలకుండానే అయిపోతుంది. ట్రైపాడ్ లేదా? వెలుతురున్న చోట చేత్తోనే చేయొచ్చు. అద్దం ఎగిరి పడే కుదుపు లేదు, సెన్సర్ కదులుతూ వణుకును ఆపుతుంది, సెకనుకు పది, ఇరవై ఫ్రేములు పోతాయి, చిన్న తేడాను సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. బ్రాకెటింగ్ ఇంత సులువైన కాలం ఎప్పుడూ లేదు. సరిగ్గా ఈ కాలంలోనే దాన్ని వదిలేశాం.

అది చేయలేనివీ ఉన్నాయి. గాలికి ఊగే మహానంది అరటాకులు, కోనేట్లో మునకలేసే జనం కలిపేటప్పుడు దెయ్యాల్లా రెండు మూడుగా వస్తారు. అలాంటి చోట కలపొద్దు, ఒక్క ఫ్రేమును ఏరుకోండి. బెలుం గుహల్లో వేరే చిక్కు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేసి, 1982, 83లలో జర్మన్ బృందం కొలిచి, 2002లో కొంతమేర సందర్శకులకు తెరిచిన ఆ 3,229 మీటర్ల చీకటిలో దీపం ఒక్కటే మండుతుంటుంది, చుట్టూ రాయి నల్లగా ఉంటుంది. బ్రాకెటింగ్‌కు అంతకన్నా మంచి చోటు లేదు, కానీ ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే దీపాల మినుకు చారలుగా పడొచ్చు. మెకానికల్ షట్టరే పెట్టుకోండి. గర్భగుడుల్లో ఎలాగూ తీయకూడదు. ట్రైపాడ్ ఎక్కడైనా అడిగే పెట్టాలి.

పెళ్లిళ్ల స్టూడియోల వాళ్ల ఫిర్యాదు ఒకటుంది. బ్రాకెటింగ్ ఆపడం మరిచిపోతే తాళి కట్టే ఫొటో చీకటిగా, అక్షింతల ఫొటో తెల్లగా వస్తుందని. ఒప్పుకుంటా. దానికి తప్పు కంపెనీలది. డ్రైవ్ మోడ్‌లో ఎక్కడో ఒక గుర్తు, ఫ్రేముల సంఖ్య ఇంకో మెనూలో, వరస క్రమం మరో మెనూలో. వీడియోకు ఎర్రటి బటన్ పైన పెట్టారు, దీన్ని పాతాళంలో దాచారు. దొరకనిదాన్ని ఎవరు వాడతారు?

అందుకే నా మనవి కంపెనీలకు కాదు, వాళ్లు వినరు. నంద్యాల స్టూడియో తమ్ముళ్లకు, ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్లలో కెమెరా పట్టిన పిల్లలకు. ఈ రాత్రే కెమెరా తీసి ఒక కస్టమ్ బటన్‌కు బ్రాకెటింగ్ కట్టేయండి. అయిదు ఫ్రేములు, రెండు స్టాపులు. రేపు పొద్దున ఎండెక్కాక షెడ్డులోని ఒక విగ్రహాన్ని అలా ఒకసారి, మీ అలవాటుగా ఒకసారి తీసి, రెంటినీ శిల్పికి చూపించండి. ఏది తన పనో ఆయన్నే చెప్పమనండి.