పార్లమెంటు పటముపై వికారాబాదు పేరు

వికారాబాదునుండి తాండూరునకు పోవు దారిలో అనంతగిరి అడవి వెనుకబడి, ఎఱ్ఱనేలలును నల్లరేగళ్లును ఒకదానివెంట నొకటి కన్పట్టుచుండగా కోట్‌పల్లి వచ్చును. ఆదివారమైనచో 1967లో కట్టిన ప్రాజెక్టు నీటిపై పడవలు నడుపుటకు నగరవాసులు కార్లలో వచ్చి, ప్రొద్దు వాలకముందే మరలిపోవుదురు. తక్కిన ఆరు దినములును ఆ ఊరు తన కందిచేలతోను, పత్తిచేలతోను, బస్సుకొఱకై ఎదురుచూచు జనముతోను తానై యుండును. మొన్న అచ్చట బస్సుకొఱకు నిలిచియున్న యొక వృద్ధరైతు దోసిటిలోని కందులనుండి యొక గింజను తీసి, పంటికింద పెట్టి టక్కున కొఱికి, ఆరినదో లేదో చూచుకొనుచుండగా, రాబోవు పార్లమెంటు ఎన్నికను గూర్చి మాట కలిపితిని. ఆయన కొంతసేపు ఆలోచించి, "మా మండలం ఓట్లన్ని ఒక్కకాడ కుప్ప పోసినా, గాడ పట్నంల నాలుగు పెద్ద అపార్టుమెంటుల ఓట్లంత గావు సారూ" అనెను. ఆ మాటలో కోపము లేదు. వానలెక్క చెప్పినంత సహజముగా చెప్పెను. నేనీ వ్యాసమును వ్రాయుటకు ఆ మాటయే కారణము.

వికారాబాదు, తాండూరు, పరిగి శాసనసభా స్థానములు చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గములోనివి. వానితో చేవెళ్ల, రాజేంద్రనగరు, మహేశ్వరము, శేరిలింగంపల్లి చేరి మొత్తము ఏడు. 2024 ఎన్నికనాటికి ఈ నియోజకవర్గపు ఓటర్ల సంఖ్య దాదాపు 29 లక్షలు. అందు ఒక్క శేరిలింగంపల్లిలోనే ఏడు లక్షలకు పైబడి యుండగా, వికారాబాదు స్థానములో ఉన్నది రెండు లక్షల పైచిలుకు మాత్రమే. ఈ హద్దులను 2001 జనాభా లెక్కలనుబట్టి జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన పునర్విభజన సంఘము నిర్ణయింపగా, 2008లో అవి అమలునకు వచ్చినవి. లెక్కించిననాడు శేరిలింగంపల్లి వేఱు, నేటి శేరిలింగంపల్లి వేఱు. హైటెక్ సిటీ చుట్టు ఆకాశహర్మ్యములు లేచినకొలది ఓటరుల జాబితా పెరిగినది. గీత మాత్రము కదలలేదు. పల్లెలలో పోలింగు అధికము, నగరములో స్వల్పమన్నమాట నిజమే. ఐనను ప్రచారరథము ఎటు తిరుగవలెనో నిర్ణయించునది జాబితా పొడవే కదా!

నగరముతో ఇట్టి పొత్తు ఈ నేలకు క్రొత్తది కాదు. గణతంత్రము తొలినాళ్లలో మాత్రము వికారాబాదు పేరుతోనే ఒక లోక్‌సభ స్థానముండెడిది. 1957లో ఆ స్థానమునుండి ఎన్నికై ఢిల్లీకి పోయినది సంగం లక్ష్మీబాయి. స్వాతంత్ర్య సమరములో పాల్గొని, అనాథ బాలికలకై హైదరాబాదులో ఇందిరా సేవాసదనమును నెలకొల్పిన ఆమె పేరు నేటివారిలో పెక్కుమందికి తెలియకపోయినను, ఆ సంస్థ పేరనే ఐ.ఎస్. సదన్ అని పిలువబడు చౌరస్తాలో నిత్యము వేలమంది బస్సు దిగుచున్నారు. తరువాతి కాలమున వికారాబాదు పేరు పార్లమెంటు పటమునుండి తొలగిపోయినది. 2008కి పూర్వము వికారాబాదు, తాండూరు స్థానములు హైదరాబాదు లోక్‌సభ నియోజకవర్గములో ఉండి, ఇచ్చటి జొన్నచేల ఓటును చార్మినారు గల్లీల ఓటును ఒకే పెట్టెలో లెక్కించెడివారు. 2008 పునర్విభజనలో చేవెళ్ల ఏర్పడినప్పుడు పాతనగరము పోయి, క్రొత్తనగరము వచ్చినది. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పునకు పోయి నగరమును చేరినట్లే, ఈ కొండల ఓటును నగరమువైపే ప్రవహించుట మాకు అలవాటైపోయినది.

నగరవాసులపై నాకు ద్వేషము లేదు. వారికి మెట్రో కావలెను, మురుగుకాలువలు కావలెను, చెఱువుల రక్షణ కావలెను. అవి న్యాయమైన కోరికలే. కాని ఒకే నోటితో రెండు జీవితములను గూర్చి మాటాడుట ఎంతటి సమర్థునకైనను కష్టము. కేంద్రప్రభుత్వము చేతిలోనున్నవై, ఈ ప్రాంతమును ప్రతిదినము తాకు విషయములు రెండింటిని మాత్రము ఇచ్చట చెప్పెదను.

మొదటిది బీజాపూరు రోడ్డు. 163వ సంఖ్య జాతీయ రహదారిలో అప్పా జంక్షను మొదలు మన్నెగూడ వఱకు గల 46 కిలోమీటర్లను నాలుగు వరుసలుగా విస్తరింపవలెనన్న సంకల్పము, దారికిరువైపుల నున్న మఱ్ఱిచెట్ల వివాదముతో హరిత ట్రిబ్యునలులో ఏండ్లతరబడి చిక్కుకొన్నది. ఆ మఱ్ఱులు మాకును ప్రియమైనవే. వేసవిలో ఆ నీడన పోయినవానికే ఆ చల్లదనము తెలియును. చెట్లను కాపాడుచునే రోడ్డు వేయు మార్గమును వెదకి, సభలో ప్రశ్న వేసి, మంత్రిత్వశాఖ తలుపు తట్టి, సంవత్సరములు గడువకముందే తేల్చవలసిన వ్యవహారమిది. రోడ్డు విస్తరింపకమునుపే 2025 నవంబరు 3వ తేదీ ఉదయమున, తాండూరునుండి హైదరాబాదునకు పోవుచున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడవద్ద కంకరలారీ ఢీకొని, కంకర ప్రయాణికులపై కుప్పగా పడి, 19 మంది మరణించిరి. పరీక్షలకు పోవు విద్యార్థులు, కొలువులకు పోవు యువతీయువకులు, పసిబిడ్డతో తల్లి: ఏ పల్లెనుండియైనను ఉదయపు బస్సు ఎక్కువారు ఇట్టివారే. ఆ దినము మొదలు ఈ దారిన పోవునప్పుడు లారీ ఎదురైన ప్రతిసారియు బస్సులోని మాటలు ఒక్క క్షణమాగుట నేను గమనించుచున్నాను.

రెండవది కంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది; ఈ నేలలోని సున్నపు అంశము, నాపరాతి పొరపై నిలిచిన మట్టి ఆ గింజకు రుచినిచ్చునని రైతులు చెప్పుదురు. గుర్తింపు గౌరవమే, ధర వేఱుమాట. 2025-26 సంవత్సరమునకు కేంద్రము ప్రకటించిన మద్దతుధర క్వింటాలునకు 8,000 రూపాయలు. కాని 2021 మే నెలనుండి విదేశపు కంది నిరాటంకముగా ఓడలలో దిగుచుండగా, కోతల వేళ తాండూరు మార్కెటులో బేరము ఏ దిక్కునకు మ్రొగ్గునో ఊహింపవచ్చును. పప్పు తినువారికి ధర తగ్గవలెను, పండించువారికి పెరుగవలెను; ఈ రెండింటి నడుమ తీర్పు చెప్పునది ఢిల్లీ. అచ్చట కందిచేను వంకనుండి మాటాడువాడు ఒకడైనను ఉండవలదా?

ఇపుడు అసలు విషయమునకు వచ్చెదను. 1976నాటి 42వ రాజ్యాంగ సవరణము లోక్‌సభ స్థానముల సంఖ్యను స్తంభింపజేయగా, 2001నాటి 84వ సవరణము ఆ స్తంభనను 2026 తరువాత జరుగు తొలి జనగణన వఱకు పొడిగించినది. ఆ గడువు దాటుచున్నది. హద్దులు మారుట 2029 ఎన్నికకు ముందో, తరువాతనో. మారుట మాత్రము తప్పదు. ఉత్తరదక్షిణముల నడుమ స్థానముల పంపకమును గూర్చి పెద్దలు వాదించుచున్నారు. అది అవసరమైన వాదమే. దాని చప్పుడులో జిల్లాలోని గీతలు ఎటు పోవునన్న ప్రశ్న మఱుగునపడరాదని నా ఆందోళన. నేడు వికారాబాదు జిల్లాలోనిదైన కొడంగలు మహబూబునగరు లోక్‌సభలో ఉన్నది. ఒక జిల్లా రెండు ముక్కలైనది. 2011 లెక్కల ప్రకారము జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. రాష్ట్రమునకు గల 17 స్థానముల సగటు ఇరువది లక్షలు. కనుక ఈ జిల్లా ఒంటరిగా ఒక స్థానము కాజాలదని నేనెఱుగుదును. వికారాబాదు, తాండూరు, పరిగి, కొడంగలు కలిసి, వానికి పొరుగుననున్న మెట్టనేలల మండలములు తోడై, వర్షాధార వ్యవసాయమే బ్రతుకుగా గల ప్రజల నియోజకవర్గ మొకటి ఏర్పడవలెనని, దానికి మరల వికారాబాదు పేరు పెట్టవలెనని నా కోరిక. 2023నాటి 106వ సవరణము ప్రకారము మూడవవంతు స్థానములు స్త్రీలకు దక్కినప్పుడు, సంగం లక్ష్మీబాయి నిలిచిన చోట మరల ఒక స్త్రీ నిలిచినచో అంతకంటె తగిన పునరారంభము లేదు.

గత పునర్విభజనలో సంఘమువారు ముసాయిదాను ప్రకటించి, ఆక్షేపణలు స్వీకరించి, బహిరంగ విచారణలు జరిపిరి. తుది ఉత్తర్వు వెలువడిన పిమ్మట దానిని న్యాయస్థానములో ప్రశ్నించుటను రాజ్యాంగము 329వ అధికరణమున వారించినది. కాబట్టి మాటాడవలసిన వేళ ముసాయిదాకును ఉత్తర్వునకును నడుమనున్న ఆ కొలదిదినములే. ఆ విచారణ హైదరాబాదులో జరుగవచ్చును. కోట్‌పల్లి, పెద్దేముల్, బంట్వారం, ధారూరు గ్రామసభలు ఇపుడే తీర్మానములు వ్రాసి సంతకములు చేయించి యుంచుకొన్నచో, ఆ కాగితములు చేతబట్టుకొని ఉదయపు తొలి బస్సు ఎక్కుటకు, ఓట్ల లెక్క నాకు చెప్పిన ఆ వృద్ధరైతు సిద్ధముగా నున్నాడు. ఆ మాట ఆయనయే నాతో అనెను.