ఉరి సరే, ఆ పసిమనసు మాటేమిటి?

పసిపిల్లపై అఘాయిత్యం అన్న వార్త పేపర్లో వచ్చిన రోజున మా వీధి ఆడవాళ్లందరిదీ ఒకటే మాట: "వాణ్ణి ఉరి తీయాలి!" నేనూ అన్నాను. రెండ్రోజులు పోయాక అందరం మర్చిపోయాం. ఆ పిల్ల రాత్రిళ్లు నిద్రపోతోందా, బడికి వెళ్తోందా అని మాలో ఒక్కరమూ అనుకోలేదు.

ప్రభుత్వం ఆలోచనా శిక్ష చుట్టూనే తిరుగుతోంది. 2012లో పోక్సో చట్టం వచ్చింది. 2019లో దాన్ని సవరించి, అతి తీవ్రమైన నేరాలకు మరణశిక్ష దాకా తీసుకెళ్లారు. శిక్ష వద్దని ఎవరంటారు? కానీ ఆ చెయ్యి ఇంట్లోవాడిదే అయితే? బాబాయికి ఉరి పడుతుందంటే ఏ నానమ్మ నోరు విప్పనిస్తుంది?

ఇది ఊహ కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఇచ్చిన నివేదిక కోసం 13 రాష్ట్రాల్లో 12 వేల మందికి పైగా పిల్లల్ని అడిగారు. 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో మగపిల్లలే కాస్త ఎక్కువ! వేధించినవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు. పిల్లల్లో ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోలేదు.

ఎందుకు చెప్పరు? నాకు తెలిసినావిడ కూతురు, ఎనిమిదేళ్లది, ఉన్నట్టుండి ట్యూషన్‌కి వెళ్లనని మొండికేసింది. రోజూ కడుపునొప్పి. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. "చదువు ఎగ్గొట్టడానికి వేషాలు" అని తల్లి రెండు తగిలించింది. నెల తర్వాత పిల్ల ఏడుస్తూ సంగతి చెబితే ఆవిడ నోట వచ్చిన మొదటి మాట: "నువ్వెందుకు ఒక్కదానివే ఉన్నావు?" ఆవిడ చెడ్డ తల్లి కాదు. భయపడింది. కానీ పిల్లకి అర్థమైంది ఒక్కటే, తప్పు తనదని.

గాయం ముదిరేది అక్కడే. ఆప్యాయంగా ఉండే మనిషే అలా చేస్తే, చెడు తనలోనే ఉందనుకుంటుంది పసిమనసు. కొందరు మూగబోతారు. కొందరు అయినదానికీ కానిదానికీ మండిపడతారు. చదువు దెబ్బతింటుంది. కొందరికి పెద్దయ్యాక కూడా దిగులు, ఎవర్నీ నమ్మలేకపోవడం, పెళ్లంటే బెదురు. మగపిల్లాడైతే నవ్వుతారని మరీ లోపల దాచుకుంటాడు. ఇవన్నీ అందరికీ వస్తాయని కాదు, కడుపునొప్పి అన్న ప్రతి బిడ్డనీ అనుమానించమనీ కాదు. ఒక్క పెద్దమనిషి నమ్మి పక్కన నిలబడితే చాలామంది కోలుకుంటారు.

పోక్సోలో మనం తెలుసుకోని మంచి కూడా ఉంది. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, పోలీసులు యూనిఫాంలో రాకూడదు. కోర్టులో నిందితుడు బిడ్డ కంటపడకూడదు. పేరు బయటపెట్టకూడదు. అన్నట్టు, తెలిసీ దాచడం కూడా నేరమే. 1098కి ఫోన్ చేస్తే సాయం దొరుకుతుంది.

అయితే చట్టం కన్నా ముందు బిడ్డ వచ్చేది మన దగ్గరికి. అప్పుడు "ఎందుకెళ్లావు?" అని కాక, "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు, నేనున్నాను" అనగలగాలి. పరువు పోవాల్సింది తప్పు చేసినవాడిది.

ఆ పాప ఇప్పుడు సైకాలజిస్టు దగ్గరికి వెళ్తోంది, బాగానే ఉంది. "ఆ ఒక్కమాట వెనక్కి తీసుకోవడానికి ఆర్నెల్లు పట్టిందండీ" అంది వాళ్లమ్మ.