బోరు మా వాడలో వెయ్యండి!

1985లో కారంచేడులో, మేం తాగే చెరువులో బర్రెల కుడితి కడగొద్దన్న పాపానికి ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ మురికి కంటికి కనబడింది. మా పటాన్‌చెరు ఫ్యాక్టరీల విషం కనబడదు. నక్కవాగులో కలిసి, భూమిలోకి దిగి బోర్లలోకొచ్చింది. 1990లోనే సుప్రీంకోర్టుకెక్కిన కథ ఇది.

అందుకే పరీక్ష బోర్లు వెయ్యాలె, విషం ఎంత లోతు దిగిందో మట్టి తీసి చూడాలె. ఎక్కడ? ఫ్యాక్టరీకి ఎగువనొకటి, దిగువన రెండుమూడు ఉంటేనే అది ఎటు పారుతున్నదో తేలేది. మా ఊరికొచ్చిన సార్లు ఎగువన పెద్దోళ్ల బావిలో నీళ్లు ముంచుకొని “బాగున్నయి” అని రాసుకపోయిండ్రు. పల్లంలోని మాదిగవాడకు రానేలేదు. అంటరానితనం సీసాకు కూడా ఉన్నదా? నీళ్లు పల్లానికే పోతయని నా ఆరో తరగతి పిల్లలు చెప్తరు!

అన్నలారా, అక్కలారా! ఈసారి బండొస్తే అడ్డం నిలబడండి. సీసాలకు మన ముందే సీలెయ్యాలె. రిపోర్టు తెలుగులో మన వాడ గోడకు అంటించాలె.