టార్ స్టెప్సు వంతెన వయస్సు

ఏదేని ప్రాచీన కట్టడమునుగూర్చి వ్యాసము వ్రాయుమన్నచో మా విద్యార్థులు మొట్టమొదట దాని వయస్సును పెంచుదురు. వేయి యేండ్లు చాలవు, రెండువేలు కావలెను. ఈ యలవాటు బాలురకు మాత్రమే యున్నదనుకొనరాదు. పెద్దలు వ్రాసిన యాత్రాగ్రంథములలోను ఇదియే కానవచ్చును. ఇంగ్లాండు పల్లెసీమలోని టార్ స్టెప్సు అను రాతివంతెన ఇందుకు మంచి యుదాహరణమని తోచి, దానినిగూర్చిన మా యభిప్రాయమును ఇచట వ్రాయుచున్నాము.

ఇంగ్లాండు దేశపు నైరృతి భాగమున, సోమర్సెట్టు మండలములో, ఎక్సుమూరు అను ఎత్తైన బీడునేల యున్నది. అందు బుట్టి ఓకుచెట్ల యడవుల నడుమ లోయలో పారు నది బార్లు. డల్వర్టను అను చిన్న పట్టణమునకు వాయవ్యమున ఆ నదిపై నీ వంతెన గలదు. చూచుటకు వంతెనవలెనే యుండదు. కమాను లేదు, పిట్టగోడ లేదు, సున్నము లేదు. నదిలో రాళ్లను ఒకదానిపై నొకటి పేర్చి దిమ్మెలుగా జేసి, దిమ్మెనుండి దిమ్మెకు పెద్ద పలకబండలు పరచినారు. అంతియే. నీటి వేగము దిమ్మెలకు నేరుగా తగులకుండ వాని కొనలయందు ఏటవాలుగా మరికొన్ని బండల నానించినారు. ఇట్టి ఖానాలు 17; మొత్తము పొడవు సుమారు 180 అడుగులు. పరచిన బండలలో కొన్ని రెండేసి టన్నుల బరువు తూగును. ఈ విధమగు వంతెనలను అచ్చటివారు క్లాపరు వంతెన లందురు. బ్రిటనులోని క్లాపరు వంతెనలలో దీనికంటె పొడవైనది లేదు.

దీనిని చరిత్రకు పూర్వపు మానవులు కట్టిరనియు, మూడువేల యేండ్లు గడచినవనియు పలువురు వ్రాసిరి. వారట్లు వ్రాయుటకు కారణము కనుగొనుట కష్టము కాదు. చెక్కడము లేని గరుకు బండలు, నాచుపట్టిన దిమ్మెలు, చుట్టును అడవి. చూచినవారికి ఆదిమానవుల చేతిపని యని తోచుట సహజమే. కాని మొరటుతనము ప్రాచీనతకు సాక్ష్యము కాజాలదు. పలకలుగా విరుగు రాయి చేరువనే దొరకునపుడు, కమాను గట్టుట లోకమెరిగిన కాలమునందును పల్లెవాండ్రు ఈ రీతినే కట్టుకొందురు. ఖర్చు తక్కువ, పట్టణమునుండి మేస్త్రీని పిలిపింప నక్కరలేదు. దక్షిణమున డార్టుమూరు అను మరియొక బీటిలో, పోస్టుబ్రిడ్జి యనుచోట, ఇట్టిదే గ్రానైటు వంతెన యున్నది. తగరమును మోయు గుర్రములు నది దాటుటకై అది పదమూడవ శతాబ్దిలో కట్టబడినదని చెప్పుదురు; అదియు చూచుటకు ఆదిమానవుల పనివలెనే యుండును. టార్ స్టెప్సుమీద శాసనము లేదు, కట్టించినవాని పేరును లేదు. నేటి పండితులలో పెక్కుమంది దీనిని మధ్యయుగములనాటిదిగా తలంచుచున్నారు. అనగా ఐదువందల యేండ్లకు పైబడినది. ఆ వయస్సు చాలదా? ఐదువందల యేండ్లు పల్లెవాండ్రను దాటించిన వంతెనకు మరి రెండువేల యేండ్లు అరువు దెచ్చి పెట్టుట దానిని గౌరవించుట గాదని మా తలంపు.

చరిత్ర పలుకనిచోట జనులు కథ చెప్పుకొనిరి. ఆ కథ మాకు మిక్కిలి యిష్టము. ఈ వంతెనను అపవాది తాను ఎండ కాగుటకై కట్టుకొనెనట. దానిపై కాలు మోపిన ప్రాణి నెల్ల చంపుదునని ఒట్టు పెట్టుకొనెనట. ఊరివారు పరీక్షార్థము ముందుగా ఒక పిల్లిని తోలిరి. అది నడిమికి పోవుసరికి పొగయై మాయమయ్యెను. (పిల్లిచేసిన పాపమేమో కథ చెప్పువారు చెప్పరు.) పిమ్మట పాదిరిగారిని పంపిరి. వంతెన నడుమ ఇరువురును ఎదురుపడిరి. అపవాది తిట్టెను, పాదిరిగారు ఏమాత్రము తగ్గక తిరిగి తిట్టిరి. కడకు అపవాదియే యోడి, తాను ఎండ కాగని వేళలయందు ఎవరైనను దాటవచ్చునని యొప్పుకొనెనట. తిట్లలో గెలిచిన పాదిరిగారిని బాలురకు ఆదర్శముగా చూపుటకు మాకు ధైర్యము చాలదు. అయినను కథను కథయని చెప్పినంతవరకు దోషము లేదు. పైగా అందొక నిజము దాగియున్నది: ఆ నదిని దాటుట ఒకప్పుడు ప్రాణాపాయముతో గూడిన పని. మూడువేల యేండ్ల మాటలో ఆపాటి నిజమును లేదు.

ఇక అసలు చరిత్ర, అనగా తేదీలతో తెలిసిన చరిత్ర, మన కాలమునకు చేరువలోనే యున్నది. వంతెన నీటికి మిక్కిలి తగ్గుగా నుండుటచే పెద్ద వరద వచ్చినప్పుడు నది దానిపైనుండియే పారును. పారు నీటిని అది చాలవరకు ఓర్చుకొనును; ఓర్చుకొనలేనివి ఆ నీటిలో కొట్టుకొనివచ్చు చెట్లు. 1952వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీని ఎక్సుమూరుపై కుండపోతగా వర్షము కురిసెను. ఆ రాత్రి ఉత్తరపు తీరముననున్న లిన్మతు గ్రామము ధ్వంసమై, ఆ వరదలో 34 మంది మరణించిరి. బార్లు నదియు పొంగి ఈ వంతెన బండలను కొట్టుకొనిపోయెను. వానిని వెదకి తెచ్చి మరల నిలిపిరి. 2012 డిసెంబరులో మరల వరద వచ్చెను. చెట్లను ఆపుటకై ఎగువను నదికి అడ్డముగా కట్టిన ఉక్కుతీగలు తెగి, బండలు మరల దిగువకు పోయినవి. 2016 నవంబరులో మరియొకసారి. పని చేసినవారికి తోడ్పడిన దేమనగా, బండలకు ముందుగానే అంకెలు వేసియుంచిరి. ఏ బండ ఎచ్చట దొరకినను అంకె చూచి దాని చోట దానిని పెట్టవచ్చును. బడిలో హాజరుపట్టీ పిలుచుటకు అలవాటుపడిన మాకు ఈ యేర్పాటు ఎంతో నచ్చినది.

ఇచట రెండు వాదములు బయలుదేరును. ఇన్నిమార్లు కూలి ఇన్నిమార్లు లేచినది పాత వంతెన యెట్లగును, ఇది క్రొత్తదే యని యొక వాదము. అంతగా కాపాడదలచినచో సిమెంటుతోను ఇనుపకమ్ములతోను ఒక్కసారి బిగించివేసిన పోవునుగదా, ఏల ఈ వృథావ్యయమని రెండవది. మొదటిదానికి మేమిచ్చు సమాధానము: ఇంతవరకు నిలిచినదంతయు బాగుచేయగా నిలిచినదే. వ్రాతలో నెక్కని శతాబ్దములందును నది పొంగకుండలేదు, చెట్లు కొట్టుకొనిరాకుండలేదు. అప్పటి ఊరివారు అంకెలు వేయలేదేమో గాని, పడిన బండను మరల ఎత్తిపెట్టియే యుందురు. 2016 తరువాత ఎత్తిపెట్టినవారు వారి పనినే సాగించినారు.

రెండవ వాదము అంత తేలికగా త్రోయదగినది కాదు. బండల నెత్తుటకు పెద్ద యంత్రములు కావలెను, ధనము కావలెను. నేడు ఆ వంతెనమీద నడచువారు చాలవరకు వేడుక చూడవచ్చినవారే. ఆ ధనముతో మరియొకచోట నిజముగా అవసరమైన వంతెనను బాగుచేయవచ్చుననువారి మాటలో న్యాయమున్నది. అయినను సిమెంటుతో బిగించుటకు మేము సమ్మతింపము. విడిబండ యొరగినపుడు నీటికి దారి దొరకును. బండలను కదలకుండ బిగించినచో కొట్టుకొనివచ్చిన మ్రాకులన్నియు అచ్చటనే పేరుకొని, ఆ యొత్తిడికి బండలతోపాటు దిమ్మెలును కూలవచ్చును. అంతేగాక, సున్నము లేకుండ నిలుచుటయే ఈ వంతెనయొక్క విశేషము. దానిని తీసివేసి మిగిలినదానిని మొదటి తరగతి రక్షిత కట్టడముల పట్టికలో నుంచుటయు దేనికి? వ్యయము తగ్గింపదలచినవారు ఎగువ తీగలను మరింత దృఢముగా కట్టవలెను. వరద కాలమునకు ముందే ఒడ్డున పడియున్న మ్రాకులను తొలగింపవలెను. నదికి అడ్డముగా తీగ కట్టుటకు అగు వ్యయము రెండు టన్నుల బండను దిగువనుండి వెదకి తెచ్చుటకు కాదు.