విడాకుల వేళ ఆస్తి ఎవరిది?

పెళ్లితో భార్యాభర్తల ఆస్తులు ఒకటైపోవు. హిందూ వివాహ చట్టం, 1955 కింద ఒకటైన దంపతుల్లో ఎవరి ఆస్తికి వారే యజమానులు. విడాకులు మంజూరు చేసే కోర్టుకు ఒకరి ఇంట్లోనో పొలంలోనో సగం తీసి రెండోవారికి రాసిచ్చే సాధారణ అధికారం లేదు. విడిపోతే భర్త ఆస్తిలో సగం భార్యదేనన్న మాట తరచూ వినిపించినా చట్టంలో కనిపించదు. దస్తావేజు ఎవరి పేరున ఉంది, డబ్బు ఎవరు పెట్టారు అన్నవే కోర్టు ముందుగా చూసే అంశాలు.

పెళ్లి సమయంలోనో, దానికి కాస్త అటూఇటూగానో వచ్చిన కానుకల్లో ఇద్దరికీ ఉమ్మడిగా చెందినవాటిపై, ఈ చట్టం 27వ సెక్షన్ ప్రకారం విడాకుల డిక్రీలోనే కోర్టు తగిన ఏర్పాటు చేయవచ్చు. ఏళ్ల తర్వాత కొన్న ఫ్లాటు దీని కిందికి రాదు. దానిపై ఫ్యామిలీ కోర్టులో హక్కు కోరుతూ దావా వేసుకోవాలి. ఇద్దరి పేర్లతో కొన్న ఆస్తిలో ఎవరు ఎంత పెట్టారో తేలితే, ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఆ మేరకే వాటా. తేలకపోతే చెరిసగం. ఈఎంఐలు ఏ ఖాతా నుంచి వెళ్లాయో చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లకు అందుకే అంత విలువ. బ్యాంకు అప్పు మాత్రం విడాకులతో విడిపోదు. సంతకం పెట్టిన ఇద్దరూ బాధ్యులే.

స్త్రీధనం సంగతి వేరు. పుట్టింటివారు, అత్తింటివారు, బంధువులు పెళ్లికి ముందూ తర్వాతా ఆమెకిచ్చిన నగలు, నగదు, భూమి ఆమె సొంతం. భర్త వాటిని దగ్గర ఉంచుకున్నా అవి అతనివి కావని, తిరిగివ్వకుండా కాజేస్తే నమ్మకద్రోహం నేరమవుతుందని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కూతురి అనుమతి లేకుండా తండ్రి కూడా ఆమె స్త్రీధనాన్ని తిరిగి అడగలేడని 2024లో తెలంగాణ కేసు ఒకదానిలో తేల్చింది. కట్నంగా ముట్టినదైనా వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఆమెకే చేరాలి. చిక్కంతా రుజువులోనే ఉంది. బంగారం బిల్లులు, పెళ్లి ఫొటోలు లేకపోతే ఇచ్చిన సంగతి నిరూపించడం కష్టం. పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలానికి రిజిస్టర్డ్ దానపత్రం ఉండాలి. నోటిమాట చాలదు.

ఆస్తిలో వాటా లేని లోటును కొంతవరకు పూడ్చేది శాశ్వత భరణం. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద భార్య గానీ భర్త గానీ దీన్ని కోరవచ్చు. ఇద్దరి ఆదాయం, ఆస్తులు, నడవడి చూసి కోర్టు ఏకమొత్తంగానో నెలనెలా ఇచ్చేలాగానో నిర్ణయిస్తుంది. అవసరమైతే చెల్లించాల్సినవారి స్థిరాస్తిపై ఆ బాధ్యతను మోపుతుంది. భరణం కోరేవారు, ఇవ్వాల్సినవారు ఇద్దరూ తమ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని 2020లో రజనీశ్ వర్సెస్ నేహా తీర్పు నిర్దేశించింది. అయితే విడిపోయిన దంపతుల సంపదను సమం చేయడం భరణం పని కాదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పరస్పర అంగీకారంతో విడిపోయేవారు మాత్రం ఇల్లు ఎవరికి, నగలు ఎవరికి అన్నది ఒప్పందంలోనే రాసుకోవచ్చు.

గోవాలో పద్ధతి ఇందుకు భిన్నం. 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ అక్కడ ఇంకా అమలులో ఉంది. పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే ఆస్తులు ఉమ్మడి అవుతాయి, విడిపోతే సాధారణంగా చెరిసగం. మిగతా దేశంలో హిందూ దంపతుల విషయంలో కోర్టుకు భర్త స్థిరాస్తిలోంచి భార్యకు వాటా ఇప్పించే అధికారం కల్పించే బిల్లు 2013లో రాజ్యసభ దాటింది. లోక్‌సభ ఆమోదం పొందకుండానే 2014లో మురిగిపోయింది.

ఇల్లు చక్కబెట్టిన గృహిణి శ్రమ కూడా ఆస్తి కొనుగోలులో పెట్టుబడేనని 2023లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో గుర్తించింది. భర్త సౌదీలో సంపాదించి పంపిన డబ్బుతో కొన్న ఆస్తులపై వచ్చిన దావా అది, విడాకుల కేసు కాదు. విడాకుల చట్టంలో మాత్రం ఆ శ్రమకు చోటు ఇప్పటికీ భరణం లెక్కలోనే. ఉద్యోగం మానుకుని పిల్లల్ని పెంచిన ఏళ్లు భరణం మొత్తాన్ని పెంచవచ్చు గానీ, భర్త పేరున ఉన్న ఇంటిపై హక్కు మాత్రం ఇవ్వవు.