ముహూర్తం ముందు.. మేస్త్రీ వెనుక!

గడువుల ఒత్తిడిలో ఇళ్ల మరమ్మతులు
నాణ్యతకు తిలోదకాలు

భీమవరం: ఇంట్లో పెళ్లి కుదిరితే తొలుత పురోహితుడికి, తర్వాత కల్యాణ మండపానికి, వంటవారికి కబురు వెళ్తుంది. తాపీ మేస్త్రీ గుర్తొచ్చేది చిట్టచివరనే. 'పదిహేను రోజుల్లో అడ్డుగోడ తీసి, కొత్త స్నానాలగది కట్టి, రంగులు వేసి అప్పగించాలి' అన్నది షరతు. శ్రావణ ముహూర్తాల కోసం ఆషాఢంలోనే పనులు ముగించాలన్న ఆరాటం డెల్టా ఊళ్లలో పరిపాటిగా మారింది. కాదంటే పని మరొకరికి పోతుందన్న భయంతో, సాధ్యం కాదని తెలిసీ తలూపే మేస్త్రీలే ఎక్కువ. చిక్కంతా ఇక్కడే మొదలవుతోంది.

గోడకు తొందర తెలియదు

సిమెంటు గట్టిపడాలంటే తడి ఉండాలి. కాంక్రీటు పనులకు సంబంధించిన ఐఎస్ 456 (2000) ప్రమాణాల ప్రకారం సాధారణ సిమెంటు వాడితే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ రకానికి కనీసం 10 రోజులు తడిపి ఉంచాలి. కాంక్రీటు బలాన్ని లెక్కగట్టేది 28వ రోజునే. ప్లాస్టరింగ్ విషయంలో తడపడంతోపాటు ఆరనివ్వడమూ ముఖ్యమే. తేమ పోకముందే రంగు వేస్తే ఉప్పు తేలి, పొరలు ఊడిపోతాయి. ఆషాఢపు ముసురులో గోడ ఆరడానికి మరిన్ని రోజులు పడుతుంది. గడువు ముంచుకొస్తే స్నానాలగదిలో నీరు నిలిపి కారుడు పరీక్షించే పని సైతం ఎగిరిపోతోంది.

పాత గోడ కొట్టాక తుప్పుపట్టిన ఊచలు, చిల్లులుపడ్డ గొట్టాలు బయటపడుతుంటాయి. సగం పని అయ్యాక యజమానులు ఆలోచన మార్చుకోవడమూ మామూలే. పని పెరిగినా గడువు మాత్రం పెరగదు.

ఇద్దరికీ నష్టమే

పెళ్లినాటికి ఇల్లు మెరుస్తుంది. కార్తీకం వచ్చేసరికి గోడలు పెచ్చులూడుతాయి. యజమాని బకాయి ఆపేస్తాడు. కూలీలకు మేస్త్రీయే చేతి డబ్బు ఇచ్చుకోవాల్సి వస్తుంది. ఒప్పందమంతా నోటిమాటే కావడంతో పెద్దమనుషుల వద్దకు వెళ్లినా ఎవరి మాటకూ ఆధారం ఉండదు.

ముందే రాసుకుంటే మేలు

ముహూర్తం నుంచి వెనక్కి రోజులు లెక్కించి పని ప్రారంభించాలి. చేయాల్సిన పనులు, తడిపే, ఆరనిచ్చే రోజులు, దశలవారీ చెల్లింపులు ఒక కాగితంపై రాసి ఇరువురూ సంతకాలు చేసుకోవాలి. మధ్యలో మార్పు కోరితే ఎన్ని రోజులు, ఎంత ఖర్చు పెరుగుతుందో అప్పుడే అందులో చేర్చాలి. గడువు చాలకపోతే పనిని రెండుగా విభజించుకోవచ్చు. పాత గోడలకు రంగులు, వాకిలి, విద్యుత్ దీపాలు పెళ్లికి ముందు, గోడల కూల్చివేత, స్నానాలగది నిర్మాణం పెళ్లి తర్వాత చేపట్టవచ్చు.

'ఈ గడువులో కాదు' అని మొదటిరోజే చెప్పే మేస్త్రీని వదులుకోకపోవడం యజమానికే మంచిది. వర్జ్యం దాటేవరకు ఆగే ఓపిక, గోడ ఆరేవరకూ ఉంటే ఖర్చు రెండోసారి పెట్టాల్సిన అవసరం రాదు.