పలాసకు బాకీ పడ్డ సినిమా

1940 మార్చి 26, 27 తేదీల్లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను ముందే అరెస్టు చేశారు. ఆయన లేకుండానే సభ నడిచింది. అది ముగిసి వారం తిరక్కుండా, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో తుపాకులు పేలాయి. అడవి కట్టెల మీద హక్కు అడిగిన రైతుల ముందు నిలబడిన సాసుమాన గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు నేలకొరిగారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా అనేదే లేదు. పలాస, టెక్కలి, సోంపేట విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో పెద్దవాళ్లకు ఈ సంగతులు కొత్త కావు. అయితే వీటికి ఒక్క ఏడాది ముందు, 1939లో, జమీందారుకు ఎదురు నిలిచిన చిన్న రైతు కథను తెలుగులో సినిమాగా తీశారని, దాని పేరు ‘రైతుబిడ్డ’ అని, గున్నమ్మ విగ్రహానికి దండ వేసేవాళ్లలో ఎంతమందికి తెలుసు? తెలిసినా ఎలా చూస్తారు? బొమ్మ శుభ్రం చేసి, మాట వినపడేలా సరిదిద్ది, ముందుమాటతో ఇంటికి అందించిన ప్రతి ఒక్కటీ లేదు. ఆ సినిమా దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. ఆయన సినిమాల్లో మిగిలినవాటిని ఒకచోట చేర్చి, ఒక సంపుటంగా ఇళ్లకూ గ్రంథాలయాలకూ విడుదల చెయ్యాలన్నది ఈ వారం నా వాదన.

రామబ్రహ్మం సినిమాల్లోకి రాకముందు ‘ప్రజామిత్ర’ వారపత్రిక సంపాదకుడు. ఆ పత్రికా లక్షణం ఆయన సినిమాల్లో చివరిదాకా కనిపిస్తుంది. తెలుగు తెర పురాణాలు దాటి బయటికి రావడానికి ఇంకా తటపటాయిస్తున్న 1938లో ఆయన ‘మాలపిల్ల’ తీశారు. గుడి ప్రవేశం, కులం దాటిన ప్రేమ ఆ కథకు రెండు కళ్లు. కథ చలం రాసినది, మాటలు తాపీ ధర్మారావువి. మరుసటి ఏడు ‘రైతుబిడ్డ’. ఆ తరవాత ‘ఇల్లాలు’, ‘అపవాదు’, ‘పత్ని’, ‘పంతులమ్మ’, ‘మాయాలోకం’. ‘పల్నాటి యుద్ధం’ మధ్యలో ఉండగా 1946లో ఆయన కన్నుమూశారు, దాన్ని ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశారు. కృష్ణా జిల్లా మనిషి సినిమాలకూ మన తీరానికీ సంబంధం ఏమిటంటారా? తాపీ ధర్మారావు పుట్టింది బరంపురంలో. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి దగ్గర చదువుకున్నారు. ఆ గిడుగు మన పర్వతాలపేటలో పుట్టినవారు. నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు పడ్డ రోజుల్లోనే, ఆ దారి చివర వాడుక భాష ఉద్యమం ఊపిరి పోసుకుంటోంది. బడి పుస్తకంలోకి రానివ్వని జనం మాట, ఆ ఉద్యమపు శిష్యుడి చేతుల మీదుగా 1938లో తెర మీదికి వచ్చింది. గిడుగు జయంతిని ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన నేర్పిన భాష సినిమాలో మొదట ఎలా పలికిందో వినిపించే పని మాత్రం ఇంకా పెట్టుకోలేదు.

ఇలాంటి పని ఇంకోచోట ఎలా జరిగిందో చూద్దాం. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు 54 సినిమాలు తీశారు. మూకీ కాలం నాటివి చాలా పోయాయి. ఆయన పేరు నిలబెట్టిన ‘టోక్యో స్టోరీ’ అసలు నెగెటివ్ కూడా లేబొరేటరీ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అయినా ఆ సినిమా పోలేదు. మిగిలిన ప్రతుల నుంచి షోచికు సంస్థ దాన్ని తిరిగి నిలబెట్టింది. ఓజు 110వ జయంతి సంవత్సరమైన 2013లో కొత్త ప్రతి లోకమంతా తిరిగింది. అకిరా కురొసావా శతజయంతికి ముందు, 2009లో, అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ ఆయన సినిమాలు 25 ఒకే పెట్టెలో, పుస్తకంతో సహా అమ్మింది. సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం నెగెటివ్‌లు 1993లో లండన్ లేబొరేటరీ మంటల్లో చిక్కుకున్నాయి. కాలగా మిగిలిన రీళ్లను ఇటలీలో బొలోనా నిపుణులు చేత్తో ఒక్కొక్క చట్రమే బాగుచేశారు. 2015లో ఆ మూడు సినిమాలూ కొత్త మెరుపుతో ఇళ్లకు చేరాయి. వీటిలో ఏదీ పెద్ద మార్కెట్ చూసుకుని చేసిన పని కాదు. ‘టోక్యో స్టోరీ’ కథ ఎంత? పట్నంలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్లిన ముసలి తల్లిదండ్రులు, తీరికలేని పిల్లలు. కొడుకులు ముంబైకో, హైదరాబాద్‌కో, ఓడల మీదికో వెళ్లగా జీడితోట కాసుకుంటూ ఉండిపోయిన ఉద్దానం ఇంట్లో ఆ సినిమా వేస్తే, దానికి అనువాదం కూడా పెద్దగా అక్కర్లేదు. ఎక్కడో ఒనోమిచి అనే చిన్న ఊరి ముసలివాళ్లను మన ఇంటి మనుషుల్ని చేసింది మంచి ప్రతి, ఉపశీర్షిక, ఓపికగా రాసిన ఒక పరిచయం. మన ముసలివాళ్లను వాళ్ల ఇంటి మనుషుల్ని చేసే పని మనమే మొదలుపెట్టాలి.

మొదట వచ్చే ప్రశ్న ఒకటుంది: ఈ కాలంలో డిస్కు ఎవరు కొంటారు, అన్నీ ఫోనులో ఉన్నాయిగా? న్యాయమైన ప్రశ్నే. పలాసలో ఎన్ని ఇళ్లలో డిస్కు ప్లేయర్ ఉందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాని విడుదల అంటే ప్లాస్టిక్ బిళ్ల ఒక్కటే కాదు. బిళ్ల పుట్టక ముందు జరిగే పనే అసలు విడుదల. ఏ ప్రతి ఎక్కడుందో వెతకడం, రెండు మూడు ప్రతులు పక్కపక్కన పెట్టి ఒకదానిలో తెగిన చోటును ఇంకొకదానితో పూడ్చడం, గీతలు తుడవడం, గరగరల కింద మునిగిన మాటను పైకి తీయడం, ఆ రోజుల పాటల పుస్తకంతో సరిచూసి ఉపశీర్షికలు రాయడం, ఆ కాలం తెలిసినవాళ్లతో వ్యాసం రాయించడం. ఇవన్నీ అయ్యాక అది డిస్కుగా రావచ్చు, పెన్‌డ్రైవ్‌గా రావచ్చు, గ్రంథాలయం కంప్యూటర్లో ఫైలుగా ఉండొచ్చు. ఇవేవీ లేకుండా పాత టీవీ టేపు నుంచి ఎక్కించిన బొమ్మ విడుదల కాదు. దాదాపు చదరంగా ఉండే పాత బొమ్మను వెడల్పు తెరకు సాగదీస్తారు, మూల మీద ఛానల్ ముద్ర ఉంటుంది, పద్యాలు మధ్యలో కోసేస్తారు. దాన్ని చూసినవాడు ‘పాత సినిమాలు ఇంతే’ అనుకుని కట్టేస్తాడు. తప్పు వాడిది కాదు. పైగా ఫోనులో ఉన్నది మనది కాదు. ఎవరో ఎక్కించినది ఎవరో తీసేస్తారు. అడిగే దిక్కు ఉండదు. చవగ్గా ఇస్తే జనం కొనరన్నదీ నిజం కాదు. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు ఇచ్చినప్పుడు దేశమంతా ఎగబడి కొంది. ఆ డిస్కుల్లో లేనిది ధర కాదు, శ్రద్ధ.

హక్కుల చిక్కు అంటారు ఇంకొందరు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు, అది విడుదలైన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన చూసినా ‘మాలపిల్ల’ హక్కు 1998 దాటదు, ‘రైతుబిడ్డ’ హక్కు 1999 దాటదు. ‘పల్నాటి యుద్ధం’ కూడా 2007తో అందరి సొత్తయింది. మాటలు, పాటలు రాసినవారి హక్కుల లెక్క వేరు. అది వారి కుటుంబాలతో కూర్చుని మర్యాదగా తేల్చుకోదగ్గ పని. జపాన్‌లో కురొసావా పాత సినిమాల మీద హక్కులు ఇంకా బతికే ఉన్నాయి. గడువు తీరిందనుకుని చవక డిస్కులు వేసిన కంపెనీ మీద నిర్మాణ సంస్థలు కోర్టుకెళ్లి గెలిచాయి. హక్కులకు అంత గట్టి కంచె ఉన్నచోట సినిమాలు చక్కగా జనానికి అందుతున్నాయి. కంచె ఎప్పుడో పడిపోయిన మన దగ్గర తోటలోకి ఎవరూ అడుగు పెట్టడం లేదు. ఎందుకంటే చట్టంలో హక్కు తీరితే చాలదు, చేతికి రీలు రావాలి. రీలు ఉన్నవారు తలుపు తియ్యాలి.

ఇంతకంటే బరువైన అభ్యంతరం డబ్బు గురించి. కిడ్నీ జబ్బుతో ఊళ్లకు ఊళ్లు క్రుంగిపోయిన ఉద్దానంలో, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి చెట్లను కూకటివేళ్లతో లేపేసిన నేల మీద, పాత సినిమాకు ఖర్చేమిటని ఎవరైనా అడిగితే వారి మీద కోపం రాకూడదు. మంచినీటి పథకం ముందు, డయాలసిస్ ముందు, సినిమా తరవాతే. అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఇది పలాస ఆస్పత్రి డబ్బులోంచి తీసేది కాదు. జాతీయ చలనచిత్ర వారసత్వ కార్యక్రమం కింద దాదాపు 2,200 సినిమాలు బాగుచేయడానికి 363 కోట్లు కేటాయించినట్టు కేంద్రం 2022లోనే ప్రకటించింది. ఆ డబ్బు ఎలాగూ సినిమాలకే ఖర్చవుతుంది. ఏ సినిమాలకు అన్నదే ప్రశ్న, అక్కడ గట్టిగా అడిగినవాడిదే వంతు. గుజరాత్ పాడిరైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసి 1976లో తీయించిన ‘మంథన్’ను ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేస్తే, 2024లో అది కాన్ ఉత్సవంలో ఆడింది. పాడిరైతు సినిమాకు దక్కిన గౌరవం జమీందారీ రైతు సినిమాకు ఎందుకు దక్కకూడదు?

ఉద్దానం రాజకీయం తెలిసినవారి నుంచి వచ్చే మరో మాట ఉంది. దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ‘రైతుబిడ్డ’ను తీసిన సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. ఆయనే ఒక జమీందారు. జమీందారు డబ్బుతో తీసిన సినిమా జమీందారీని ఎంతవరకు ఎదిరిస్తుంది? బొడ్డపాడు నుంచి జముకుల కథ కట్టి, 1969లో ప్రాణమిచ్చిన విప్లవకవి సుబ్బారావు పాణిగ్రాహి నేల మీద, మనసు మారిస్తే దొర మారతాడనే గాంధేయ కథకు విలువేమిటి? ఇది కొట్టిపారెయ్యదగ్గ విమర్శ కాదు, సగం నిజం. ఆ సినిమాలో సంఘర్షణ ఓటు చుట్టూ తిరుగుతుంది. జమీందారు నిలబెట్టిన మనిషికి కాక రైతుల మనిషికి ఓటేస్తానన్న రైతు నరసిరెడ్డి మీద, అప్పు రూపంలో, అధికారం రూపంలో కక్ష దిగుతుంది. జమీందార్లలో జమీందార్లకు ఉన్న రాజకీయ వైరాలు కూడా ఆ కథ వెనక ఉన్నాయి. అయినా సాటి జమీందారు తీయించాడు కదా అని మిగతా జమీందార్లు ఊరుకోలేదు. దాని మీద కత్తి కట్టారు, కొన్నిచోట్ల ప్రదర్శన ఆగింది. నిజంగా పదును లేని సినిమా అయితే అంత భయం ఎందుకు? ఏ మేరకు పదునుందో, ఎక్కడ మొద్దుబారిందో తేల్చాలంటే సినిమా మొత్తం కళ్లారా చూడాలి. చూడకుండా పొగిడేవారికీ చూడకుండా తిట్టేవారికీ తేడా లేదు. మంచి సంపుటంలో వ్యాసాలు ఉండాలనేది అందుకే. పొగడ్త ఒకటి చాలు, విమర్శ రెండుండాలి. మందస రైతుల పోరాటం తెలిసిన చరిత్రకారుడు ఒకటి, దళిత సాహిత్యం నుంచి ‘మాలపిల్ల’ను చదివినవారు ఒకటి రాయాలి. ఆ సినిమా మాలపిల్ల పక్షాన నిలబడిందా, ఆమెను అగ్రవర్ణపు ఔదార్యానికి సాకుగా వాడుకుందా అన్న చర్చ మనకు ఇంకా అవసరమే.

సినిమాగా ఎలా ఉన్నా ‘రైతుబిడ్డ’లో చాలా అరుదుగా దొరికేది ఒకటుంది, బళ్లారి రాఘవ నటన. తెలుగు నాటకరంగంలో అంతటి పేరున్న ఆయన తెర మీద కనిపించిన సినిమాలు రెండు మూడే. రంగస్థలం మీద ఆయన ఏం చేశారో చెప్పే పుస్తకాలున్నాయి, చూపించేవి మాత్రం ఈ కొద్ది సినిమాలే. కొసరాజు పాట మొదలైంది ఇందులోనే, మాటలు రాసింది త్రిపురనేని గోపీచంద్. సంబరాలకు రాత్రంతా నాటకం ఆడించే ఊళ్లు ఈ తీరంలో ఇంకా ఉన్నాయి. హార్మోనియం ముందు రాగం తీస్తున్న కుర్రాడికి, పద్యం లేకుండా, గొంతు పెంచకుండా ఒక రైతును రాఘవ ఎలా నిలబెట్టారో చూపిస్తే, పది కార్యశాలలు నేర్పనిది నేర్పుతుంది. తన కథ తెర మీద ఉందంటే ఈ ప్రాంతం ఎలా చూస్తుందో ‘పలాస 1978’ చెప్పింది. 2020 మార్చి 6న విడుదలైన ఆ సినిమాకు రెండు వారాలు నిండకముందే కరోనాతో హాళ్లు మూతపడ్డాయి. ఆ తరవాత ఇంటి తెరలే దానికి దిక్కయ్యాయి. హాలు మూసినా సినిమా బతికింది, ఇంట్లో చూసే ప్రతి ఉంది కాబట్టి. రామబ్రహ్మం సినిమాలకు ఆ ఆసరా ఎనభై ఏళ్లు దాటినా లేదు.

ఆలస్యానికి ఖరీదు ఉంది. 1950 దాకా సినిమాలు నైట్రేట్ ఫిల్ము మీద ఉండేవి. అది అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, అంటుకోకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ జిగురై, పొడై పోతుంది. 2003లో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో మన పాత నైట్రేట్ రీళ్లు ఎన్నో బూడిదయ్యాయి. కాబట్టి ఒక్కో ఏడాదీ లెక్కే. రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారంతో కలిసి రామబ్రహ్మం సినిమాల్లో మిగిలిన ప్రతి రీలు పట్టిక ముందు ప్రకటించాలి. ప్రైవేటు చేతుల్లో రీళ్లున్నవారు ముందుకొస్తే వారి పేరు సంపుటం మీద వెయ్యాలి. మొదటి సంపుటంగా ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’ రావాలి. వాటి తొలి ప్రతులు పలాస, మందస, టెక్కలి, సోంపేట శాఖా గ్రంథాలయాలకు, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి చేరాలి. ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నది మనమే. ఆ డబ్బుతో ఒక తెర, ఒక ప్రొజెక్టర్, నెలకొక ప్రదర్శన అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఈ వారం మీ శాఖా గ్రంథాలయానికి వెళ్లినప్పుడు, జిల్లా గ్రంథాలయ సంస్థ పేరిట ఈ కోరిక ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చి రండి.